షట్టర్ బయటి నుంచి వేశారు

మిల్లు రెండో అంతస్తు కిటికీలోంచి మొదట పొగ వచ్చింది, తర్వాత కేకలు వచ్చాయి, ఆ తర్వాత ఒక ఫోను వచ్చి పడింది.

కాలరక్క అప్పుడు కింద ఆవరణలో దారం పెట్టెలు దించుతోంది. ఆ మిల్లులో ఎవరికీ సొంత పేరు మిగలదు, ఏ ముక్క కుడితే అదే పేరు. కాలర్లు కుట్టేది కాలరక్క, జేబులు కుట్టేవాడు జేబులన్న, చేతిపట్టీలు కుట్టేది కఫ్ పిన్ని. గుండీలు కుట్టేది గుండీల పిల్ల, కాలరక్కకి సొంత చెల్లెలు. పూర్తి చొక్కా కుట్టినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు. కుట్టిన చొక్కా తొడుక్కున్నవాళ్ళు అసలే లేరు.

ఫోను చెత్తగుడ్డల గుట్ట మీద పడింది. కాలరక్క తలెత్తింది. కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి ఊగుతోంది. అది ఎవరి చెయ్యో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు జడ వేస్తుంటే కదిలి కదిలి తన చేత దెబ్బలు తిన్న చెయ్యి అది.

"అక్కా! షట్టర్ వేసేశారే! బయట్నుంచి వేసేశారే!"

కాలరక్క మెట్లెక్కి పరిగెత్తింది. జేబులన్న, ఇస్త్రీ పనివాళ్ళు ఆమె వెనకే. షట్టర్‌కి గుప్పెడంత తాళం. తాళంచెవి మేనేజర్ దగ్గర. మేనేజర్ గేటు దగ్గర నిలబడి లారీలోకి సరుకు ఎక్కిస్తున్నాడు. వాళ్ళు పైనుంచి గొంతు చించుకుంటుంటే అతను ఫోను చెవికి ఆనించుకుని అటు తిరిగాడు. ఇస్త్రీ బల్లల ఇనపకాళ్ళు ఊడబీకి షట్టర్‌ని బాదారు. లోపల్నుంచి బాదుతున్న చేతుల చప్పుడు మొదట గట్టిగానే వినిపించింది. షట్టర్ వంగేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది.

తొమ్మిది శవాలు. అన్నీ షట్టర్ దగ్గరే, ఒకదాని మీద ఒకటి. గుండీల పిల్ల కిటికీ దగ్గర ఉండబట్టి బతికింది. ఊచలు కాలుతున్నా వదల్లేదట. విడిపించి తెచ్చేటప్పుడు ఆమె అరచేతుల చర్మం ఆ ఊచలకే అంటుకుని ఉండిపోయింది.

ఆ సాయంత్రం కాలనీలో ప్రతి ఫోనులోనూ యజమాని ప్రత్యక్షమయ్యాడు. తెల్లచొక్కా, తడి కళ్ళు. "మన కుటుంబంలో తొమ్మిది మందిని పోగొట్టుకున్నాం. నిషేధం ఉన్నా ఒక ఉద్యోగిని దొంగచాటుగా ఫోను ఛార్జింగ్ పెట్టడం వల్ల ఈ ఘోరం జరిగింది. షట్టర్ తెరిచే ఉంది. చట్టం తన పని తాను చేస్తుంది." బొమ్మ ఎక్కడా ఆగలేదు, మాట ఎక్కడా తెగలేదు. కంట్లో నీటిబొట్టు కూడా స్పష్టంగా కనిపించింది.

చట్టం వెంటనే తన పని మొదలుపెట్టింది. ఆస్పత్రిలో స్పృహ కూడా సరిగ్గా రాని గుండీల పిల్లని తొమ్మిది మందిని చంపిన ముద్దాయిగా రాసుకున్నారు. బేడీ వెయ్యడానికి మణికట్లు పనికిరావు కాబట్టి కాలికి గొలుసు వేసి మంచానికి కట్టారు.

కాలరక్క తలుపు గడియ పెట్టుకుని, చెత్తగుడ్డల గుట్టలోంచి ఏరి తెచ్చుకున్న చెల్లెలి ఫోను తెరిచింది. అందులో వీడియో ఉంది. షట్టర్ పలకల సందులోంచి మేనేజర్ మొహం కనిపిస్తోంది. లోపల్నుంచి ఆడపిల్లలు దండాలు పెడుతున్నారు. "ముందు కింద సరుకు బయటికి పోనివ్వండి, తర్వాత తీస్తా. ఎగబడితే మొత్తం తగలబడుద్ది" అంటున్నాడతను. తాళంచెవి జేబులో వేసుకోవడం, మెట్లు దిగిపోవడం, అన్నీ ఉన్నాయి. చెల్లెల్ని బతికించాలంటే లోకానికి ఈ వీడియో చూపించాలి, అంతకు మించి దారి లేదు. కాలరక్క తెలిసినవాళ్ళందరికీ పంపింది. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

కఫ్ పిన్ని ఫోనులోకి ఎక్కించి పంపి చూశారు, జేబులన్న ఫోనులోంచి పంపి చూశారు. ఫోను పక్కన ఫోను పెడితే ఎక్కుతోంది గానీ కాలనీ దాటి పోవడం లేదు. చివరికి జేబులన్న ఫోను నడుముకి కట్టుకుని వంతెన దాటబోయాడు. వంతెన మీద పోలీసులు ప్రతి ఒక్కరి ఫోనూ తెరిపించి చూస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ ఆ వీడియోని చివరిదాకా చూశాడు, చూసి ఫోనుని వంతెన గోడకేసి కొట్టాడు. తర్వాత జేబులన్న చేతిని అదే గోడ మీద పెట్టించి బూటుకాలితో తొక్కాడు. ఇక ఆ చేత్తో జేబులు కుట్టడం అయ్యే పని కాదు.

కాలరక్క మొగుడు లైన్‌మ్యాన్. కాలనీలో తీగలన్నీ అతను లాగినవే, అందుకని అందరికీ తీగల బావ. మిల్లు ఎవరిదో తీగా వాళ్ళదే, టవరూ వాళ్ళదే. ఉచిత లైను ఇస్తున్నామని ఇంటింటికీ తిరిగి చెప్పి, ఫోను ఉన్న ప్రతివాడి చేతా చొక్కాలమ్మే కంపెనీ షాపు యాప్ ఎక్కించుకునేలా చేశారు. అప్పుడు తీగల బావ కాలర్ ఎగరేసుకుని తిరిగాడు. ఆ పూట అతను తల వంచుకుని ఇంటికొచ్చాడు.

"ఎందుకు పోవట్లేదయ్యా?" అని అడిగింది కాలరక్క.

అతను భుజం మీది పనిముట్ల సంచీ సవరించుకున్నాడు. "పెద్ద వీడియో కదా... టైం పడుతుంది."

"మీ అయ్యగారి ఏడుపు చిటికెలో వచ్చింది. అది చిన్నదా?"

సంచీ కింద పెట్టి అతను గోడకి చేరగిలబడ్డాడు. "రెండు దార్లున్నాయే. కంపెనీ షాపు, కంపెనీ వార్తలు, కంపెనీ పాటలు మొదటి దారిన పోతాయి. దానికి అడ్డం లేదు. మిగతా లోకమంతా రెండో దారి. దాన్ని నొక్కి పెట్టారు. వీధి చివర బాక్సు ఉందే, అందులోనే ఆ ఏర్పాటంతా. కొన్ని మాటలుంటే అసలు దాటనే దాటవు."

"ఏ మాటలు?"

"అవి నాకు చెప్పరు."

కాలరక్క పక్కింటి కఫ్ పిన్నికి 'మిల్లు' అని రాసి పంపింది. చేరింది. 'చెల్లెలు' అని రాసింది, చేరింది. 'షట్టర్' అని రాసింది. గోడకి ఆ పక్కనున్న మనిషికి ఆ మాట చేరలేదు. ఆమెకి అరికాలి నుంచి మంట లేచింది.

"ఆ బాక్సు పెట్టిందెవరు?"

"నేనే. పెట్టమన్నారు, పెట్టాను. వైరు కలిపేవాణ్ణి, దాన్లో ఏం పోతుందో, ఏం ఆగుతుందో నాకెందుకు?"

"నీకెందుకో ఆస్పత్రికి పోయి దాని చేతులు చూసి రా! బావా బావా అని నీ వెనకే తిరిగిందిరా అది!"

ఆమె సంచీ ఎత్తి వీధిలోకి విసిరింది. కత్తెరలు, టేపు చుట్టలు, రెంచీలు మట్టిలో చెల్లాచెదురయ్యాయి. "ఆ సంచీ ఈ గడప తొక్కకూడదు. నువ్వూ తొక్కకూడదు." తీగల బావ వంగి ఒక్కొక్కటే ఏరుకుని వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల అరుగుల మీద ఒక్కరూ ఊరుకోమ్మా అనలేదు. అనడానికి ఎవరికి మనసొస్తుంది?

మర్నాడు కాలనీ అంతా బట్టలుతికే చప్టా దగ్గర కూడింది. కూర్చోవడానికి చోటు లేక జనం చప్టా గోడలెక్కారు. మధ్యలో మూడువేళ్ళ తాత నిలబడ్డాడు. యూనియన్ పెట్టినవాడు ఆయనే. కటింగ్ మిషను రెండు వేళ్ళు తీసుకుంటే, మిగిలిన మూడింటినీ ఎత్తి జీవితమంతా నినాదాలిచ్చాడు.

కఫ్ పిన్ని కూతురు లా చదువుతోంది. ఆ పిల్ల ముందు లేచింది. "తీగ ఉన్నవాడి పని మోయడం, అంతే. ఎవరి మాట ముందు పోవాలి, ఎవరి మాట వెనక పోవాలి అని వాడు ఎంచకూడదు. చట్టమే ఉంది. పిటిషన్ వేద్దాం."

"ఎట్లా వేస్తారమ్మా?"

"ఆన్‌లైన్లో..." అని ఆ పిల్ల నాలిక్కరుచుకుంది. అంత ఏడుపులోనూ జనం నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వి, వెంటనే ఏడ్చేసింది.

"నవ్వకండ్రా, అది చెప్పింది నిజమే" అన్నాడు తాత. "మన తిండి లాక్కున్నప్పుడు అరిచాం. అరుపు లాక్కుంటే ఏం చెయ్యాలో మనకింకా తెలీదు. నేర్చుకోవాలి."

"నేర్చుకునేలోపు నా చెల్లెల్ని జైల్లో పాతేస్తారు!" కాలరక్క చప్టా మీదికెక్కింది. జుట్టు ఊడిపోయి ఉంది, కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. "వాడి తీగ మన నెత్తిన ఉంది. వాడి మాట మోసే తీగ మనకెందుకు? కొయ్యండి! వాడి ఏడుపు కూడా ఇంకెవరికీ చేరకూడదు. కొయ్యండి!"

"తొందరపడకే" అన్నాడు తాత. "ఎవడో నోరు నొక్కాడని మన గొంతు మనం కోసుకుంటామా? మీ ఆయన్ని పిలు. తీగ సంగతి తెలిసినవాణ్ణి ఒక మాట అడుగు."

"ఆ మనిషి పేరెత్తకు తాతా!"

జనం అప్పటికే లేచారు. కడుపు మండిన జనాన్ని కూర్చోబెట్టడం తాత వల్ల కాలేదు. కత్తెరలకి కొరత లేదు, కోసే చేతులకీ కొరత లేదు. స్తంభం ఎక్కి పెద్ద తీగని నరికారు. అది బుసకొడుతూ వచ్చి రోడ్డు మీద పడింది. ఈలలు, చప్పట్లు, ఒకరి భుజాల మీద ఒకరు. కాలరక్క ఆ తీగని కాలితో తొక్కింది. ఆ ఒక్క క్షణం ఆమెకి చెల్లెలి గొలుసు తెగినంత హాయిగా ఉంది.

తాత మాత్రం తన ఫోను తీసి చూసుకుంటున్నాడు. అందులో మామూలు పిలుపుకి కూడా సిగ్నల్ గీత లేదు. టవరు కూడా ఆ తీగ మీదే నడుస్తుందన్న సంగతి అక్కడ ఒక్కరికీ తెలీదు.

పొద్దున కుళాయిలొచ్చే వేళకి వాళ్ళొచ్చారు. నల్ల బనీన్ల కంపెనీ మనుషులు ముందు, పోలీసులు వెనక. ఇంతకుముందైతే ఒక్క ఫోను చాలు, కాలనీ మొత్తం బిలబిలమంటూ వచ్చి నిలబడేది. ఇప్పుడు మూడో వీధిలో తలలు పగులుతుంటే రెండో వీధిలో పళ్ళు తోముకుంటున్నారు. ఒక వీధి పని ముగించి, తాపీగా ఇంకో వీధిలోకి వస్తున్నారు. తలుపులు తన్ని, మనుషుల్ని జుట్టు పట్టి ఈడ్చి, ఫోన్లు లాక్కుని గోనెసంచుల్లో వేస్తున్నారు. ఇవ్వనన్నవాళ్ళ మోకాళ్ళ మీద ఇనపరాడ్లు ఆడాయి. నిండు గర్భిణి అయిన లేబుల్ కుట్టేదాన్ని కడుపు మీద తన్నారు. నీళ్ళ బిందెల్లోకి నెత్తురు కారింది.

కాలరక్క చెల్లెలి ఫోనుని చెత్తగుడ్డల మూటలో కుక్కి బయటికి వచ్చేసరికి ఠంగ్ ఠంగ్ మని మోత వినిపించింది. చప్టా దగ్గర మూడువేళ్ళ తాత ఇనపస్తంభాన్ని రెంచీతో బాదుతున్నాడు. మిగతా వీధులకి వినిపించాలని బాదుతున్నాడు. "రండ్రా! కలిసి రండ్రా!" వీధులు విన్నాయి. తలుపులు తెరుచుకున్నాయి. జనం పరిగెత్తుకొచ్చారు గానీ నల్ల బనీను వాడు ముందే చేరుకున్నాడు. రాడ్డు తాత తల మీద ఒకసారి పడింది. రెంచీ ఆగలేదు. ఇంకోసారి పడింది. కాలరక్క చేరేసరికి ఆయన మూడువేళ్ళూ రెంచీ చుట్టూ బిగుసుకునే ఉన్నాయి. కళ్ళల్లో చూపు లేదు.

జనం ఊరుకోలేదు. వీధుల్లోంచి ఉప్పెనలా వచ్చి రాళ్ళతో, బిందెలతో, దొరికినదానితో కొట్టారు. నల్ల బనీన్లు ఫోన్ల సంచులతో వ్యాన్లెక్కి పారిపోయాయి. కానీ తాత లేచి రాడు కదా.

అంత్యక్రియలకి తీగల బావ వచ్చాడు. దూరంగా, ఎవరికీ మొహం చూపించలేక నిలబడ్డాడు. కాలరక్కే అతని దగ్గరికి వెళ్ళింది.

"టవరు కూడా దాని మీదేనని నాకెందుకు చెప్పలేదయ్యా?"

"అడగలేదు కదే."

"అడగలేదు. గెంటేశాను" అంది ఆమె. "తాతని చంపింది వాళ్ళ రాడ్డు. వాళ్ళకి దారి చూపించింది నా నోరు. ఈ మాట నేను చచ్చేదాకా నాతోనే ఉంటుంది."

అతను ఆమె చెయ్యి పట్టుకోబోయి, జనాన్ని చూసి ఆగిపోయాడు. "రేపు ఆ తీగ కలపమన్నారు. మిల్లు తెరుస్తున్నారట. పరాయి దేశాల్లో కొనేవాళ్ళకి అంతా సవ్యంగా ఉందని లైవులో చూపిస్తారట. నేను కలపనని చెప్పేస్తా. ఏం చేస్తే అది చేసుకోనీ."

"వద్దు. కలుపు" అంది కాలరక్క. "నిన్న కొయ్యమన్న నోటితోనే చెప్తున్నా, కలుపు. ఈసారి వాడి తీగ మీద మనమే ఎక్కాలి. ఎలాగో నాకింకా తెలీదు."

ఎలాగో తీగ కలిపిన మధ్యాహ్నం తెలిసింది. దాచుకున్న ఫోనులోంచి వీడియోని మళ్ళీ పంపింది, మళ్ళీ అదే చక్రం. విసుగొచ్చి తెరని పొడిచింది. వేలు కంపెనీ షాపు మీద పడినట్టుంది, అది రెప్పపాటులో తెరుచుకుంది. తెర నిండా ఒక నీలం చొక్కా. ఆ కాలర్ ఆమెది. మూల దగ్గర కుట్టుని కాస్త వెనక్కి తిప్పడం ఆమె అలవాటు, అది కనబడుతూనే ఉంది. కింద కొన్నవాళ్ళు ఫోటోలు పెట్టి అభిప్రాయాలు రాసుకున్నారు. ఎవరో, ఏ దేశమో, 'కాలర్ చక్కగా నిలబడింది' అని రాశారు.

తన కాలర్‌ని లోకంలో ఒకరు చూశారని ఆమెకి అంతవరకూ తెలీదు. ఆ ముక్క ఇంకోసారి చదువుకుంది. తర్వాత లేచి కఫ్ పిన్ని ఇంటికి ఉరికింది.

"ఏమ్మాయ్, ఇక్కడ మనం రాస్తే?"

లా చదివే పిల్ల ఫోను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఇది మొదటి దారి అక్కా! సొంత షాపుకి వాళ్ళ బాక్సు అడ్డం పెట్టదు. రాయడానికి మనందరికీ ఖాతాలున్నాయి, బలవంతంగా వాళ్ళే ఇచ్చారు. కానీ వీడియో పట్టదు. ఫోటోలే పడతాయి."

"ఫోటోలు చాలు. చొక్కాని మనం ఒక్కరమే కుడతామా? ముక్కలు చెయ్యి. తలా ఒక ముక్క."

ఆ రాత్రంతా కాలనీలో వీడియోని ముక్కలు కోశారు. షట్టర్ పలకల సందులో మేనేజర్ మొహం ఒకరికి, తాళంచెవి జేబులోకి పోతున్న చెయ్యి ఒకరికి, దండం పెడుతున్న ఆడపిల్ల ఇంకొకరికి. మిల్లులో బండిల్ కట్టినట్టే వరస తప్పకుండా పంచారు. గోనెసంచుల్లోకి పోకుండా మిగిలిన ఫోన్లు ఇద్దరు ముగ్గురికి ఒకటి వచ్చాయి. ఇంతకీ ఇది పనిచేస్తుందా అని అడిగినవాళ్ళున్నారు. పట్టుబడితే అని భయపడ్డవాళ్ళూ ఉన్నారు. "పట్టుబడితే ఒక్కళ్ళం పట్టుబడం కదా" అంది కఫ్ పిన్ని. ఆ మాటకి భయం పోలేదు గానీ ఎవరూ ఇంటికి వెళ్ళిపోలేదు.

మర్నాడు మిల్లు తెరిచేసరికి రెండో అంతస్తుకి కొత్త రంగు వేసి ఉంది. రంగు వాసన కింద మసి వాసన అలాగే ఉంది. కొత్త షట్టర్ కూడా పెట్టారు. ముందు గోడకి పెద్ద తెర, దాంట్లో కంపెనీ షాపు, ఆ పక్కన చిన్న చిన్న గడుల్లో పరాయి దేశాల కొనుగోలుదారుల మొహాలు. యజమాని తెల్లచొక్కాలో నిలబడి, "ఈ కుటుంబం మళ్ళీ పనిలోకి వచ్చింది" అన్నాడు. బెల్లు మోగింది. మిషన్లన్నీ ఒక్కసారి లేచాయి.

మిషన్ల హోరులో కాలరక్క కాలర్ల కట్ట కింద నుంచి ఫోను తీసింది. రాసింది: 'ఈ కాలర్ కుట్టింది నేను. గుండీలు కుట్టింది నా చెల్లెలు. అది నిప్పు పెట్టలేదు. షట్టర్ బయటి నుంచి వేశారు.' మేనేజర్ మొహం ఉన్న ఫోటో పెట్టి నొక్కింది. చక్రం తిరగలేదు. పోయింది.

పెద్ద తెర మీద నీలం చొక్కా కింద మేనేజర్ మొహం కనబడింది. దాని కింద ఇంకోటి వచ్చింది. 'చేతిపట్టీలు నావి. నా పక్క మిషన్ మీద కూర్చునే పిల్ల షట్టర్ దగ్గర కాలిపోయింది.' ఇంకోటి. 'జేబులు నావి. ఇక కుట్టలేను, నా చెయ్యి పోలీసులు విరిచారు.' ఇంకోటి, ఇంకోటి. తెర అలా పైకి జరుగుతూనే ఉంది. గడుల్లో మొహాలు ముందుకి వంగాయి. యజమాని మాట మధ్యలో ఆపి వెనక్కి తిరిగి చూశాడు. ఆ కళ్ళల్లో ఈసారి నీళ్ళు లేవు.

"లైను తీసెయ్యండి!" అని మేనేజర్ అరిచాడు. "తీగ కొయ్యండ్రా!"

గేటు ముందున్న స్తంభం మీద తీగల బావ ఉన్నాడు. లైవు ఆగకుండా చూడమని పొద్దున్నే ఎక్కించారు. నడుముకి బెల్టు కట్టుకుని కూర్చున్నాడు. కింద నల్ల బనీన్లు మూగాయి.

"కొయ్యరా!"

"నిన్ననే కదండీ కలిపాను. కాస్త నిలబడనివ్వండి."

"కోస్తావా, చస్తావా?"

"దీన్లో ఏం పోతోందో నాకు ఇవ్వాళే తెలిసింది. కొయ్యను."

రాడ్లతో అతని పాదాల మీద కొట్టారు. బూట్లు చిట్లి నెత్తురు స్తంభం వెంట కారింది. అతను రెండు చేతులూ జాయింటు పెట్టె చుట్టూ వేసి గట్టిగా కావలించుకున్నాడు. మోకాళ్ళ మీద కొట్టారు. అతని కేక రెండో అంతస్తు దాకా వచ్చింది. కాలరక్క కిటికీకి పరిగెత్తింది. ఒకడు నిచ్చెన ఎక్కి బెల్టు కోస్తున్నాడు. బెల్టు తెగింది. తీగల బావ తలకిందులుగా వచ్చి గేటు మీద పడ్డాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి గరగరమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు అక్కడున్న ప్రతి ఒక్కరి ఎముకల్లోనూ ఉంది. మేనేజర్ షట్టర్ కిందికి లాగుతున్నాడు.

ఎవరూ కేక వెయ్యలేదు. ఎవరూ దండం పెట్టలేదు. కఫ్ పిన్ని, ఇంకో ముగ్గురు కలిసి ఒక కుట్టుమిషన్‌ని ఎత్తి దిగుతున్న షట్టర్ కిందికి విసిరేశారు. షట్టర్ వచ్చి దాని మీద పడి ఆగిపోయింది. ఆ సందులోంచి ఆడవాళ్ళు పాకుతూ, దొర్లుతూ బయటపడ్డారు. మేనేజర్ని మెట్ల మీదే పట్టుకున్నారు. పిడికిట్లోంచి తాళంచెవి లాక్కునేటప్పుడు అతని వేళ్ళు విరిగాయో, మణికట్టు విరిగిందో ఆగి చూసినవాళ్ళు లేరు. గేటు దగ్గర నల్ల బనీన్లకీ ఇస్త్రీ బల్లల కాళ్ళకీ పెద్ద యుద్ధం జరిగింది. పళ్ళు రాలాయి, తలలు పగిలాయి, అటూ ఇటూ కూడా. పోలీసులు వచ్చి తుపాకులు పేల్చాకగానీ జనం చెదరలేదు. బాక్సు ఆపలేనిదాన్ని ఆపడానికి కంపెనీ చివరికి తన షాపుని తానే మూసుకుంది. అప్పటికే ఆ తెర చూసినవాళ్ళు దాన్ని తమ తమ దేశాల్లో పంచేసుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ జనాన్ని గోడ పక్కన కూర్చోబెట్టి పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. "మొదట రాసిందెవరు?"

"నేనే, కాలర్" అంది కాలరక్క.

"నేను, కఫ్."

"నేను, జేబు."

"లేబుల్ నేను సార్." కడుపులో బిడ్డని పోగొట్టుకున్న ఆ మనిషి లేవలేక లేచి చెప్పింది.

"ఇవేం పేర్లే! అసలు మొదట రాసిందెవరో చెప్పండి!"

"కలిపి కుట్టుకోండి సార్, తెలుస్తుంది" అంది కఫ్ పిన్ని. లాఠీ ఆమె దవడ మీద పడింది. నెత్తురు ఉమ్మి ఇంకోసారి "కఫ్" అంది.

తీగల బావ రెండు కాళ్ళూ విరిగాయి, ప్రాణం ఉంది. అతన్ని ఆస్పత్రికి తెచ్చిన వ్యాన్‌లోనే కాలరక్కనీ బేడీలతో ఎక్కించారు. ఆస్పత్రి వరండాలో అతన్ని స్ట్రెచర్ మీద దించుతుంటే, తెరిచి ఉన్న వార్డు తలుపులోంచి ఆమెకి గొలుసు కట్టిన ఒక కాలు కనబడింది. కానిస్టేబుల్ చెయ్యి విదిలించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గుండీల పిల్ల చేతులు రెండూ మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. మొహం వాచిపోయి ఉంది. అక్క బేడీల వంక చూసింది గానీ వాటి గురించి అడగలేదు.

"వెళ్ళిందా అక్కా?"

"వెళ్ళిందే తల్లీ. తలా ఒక ముక్క మోశారు. బావ కాళ్ళు పోగొట్టుకున్నాడు. తాత..." కాలరక్క ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

గుండీల పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంది. తర్వాత కళ్ళు తెరిచి, మంచం పక్కన మందుసీసా పట్టుకుని నిలబడ్డ నర్సు వైపు తిరిగింది. ఆ ఆస్పత్రి కాలనీ నుంచి వంతెన దాటాక ఉంది, దాని లైను కంపెనీది కాదు. "సిస్టరమ్మా, అందరూ రాశారు, నా ముక్క మిగిలిపోయింది. నాకు వేళ్ళు ఆడవు. నువ్వు రాస్తావా?"

"ఏయ్, ముద్దాయితో మాట్లాడకూడదు!" కానిస్టేబుల్ తలుపులోంచి దూకాడు. పక్క మంచం మీది ముసలామె సెలైను స్టాండు పట్టుకుని లేచి అతనికి అడ్డంగా నిలబడింది. అవతలి మంచం మీంచి ఒకామె దిగింది. కాలు తీసేసిన ఒకతను చంకకర్రలు వెతుక్కుంటున్నాడు. వార్డు మొత్తం ఎవరి నొప్పి వాళ్ళు పళ్ళ బిగువున పట్టుకుని ఆ మంచం చుట్టూ చేరింది.

నర్సు చేతులు తుడుచుకుని జేబులోంచి ఫోను తీసింది. "చెప్పమ్మా."

"రాయి. గుండీలు కుట్టింది నేను. నేను చచ్చిపోలేదు. షట్టర్ బయట్నుంచి వేశారు."